బ్రీదర్ పైపుకి బిరడా

మా వైపు మినుములు ఎలా నూరుస్తారో తెలియనివాళ్ళకి ముందు అది చెప్పాలి. వరి ఇంకా చేలో నిలబడి ఉండగానే ఆ తడి మీద మినుము చల్లుతారు. వరి కోసుకుపోయాక మిగిలిన తడితోనే పెరిగి, ఎండలు ముదిరే వేళకి అది పీకుడుకి వస్తుంది. పీకిన మొక్కల్ని తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బస్సులూ లారీలూ ఆటోలూ తొక్కుకుంటూ పోతే కాయ పగిలి గింజ రాలుతుంది. ఊరూరా నూర్పిడి కల్లాలు కట్టిస్తామన్న వాగ్దానాన్ని బందరు ప్రెస్సులో నా చేతులతోనే సీసపు అక్షరాలు పేర్చి అచ్చుకిచ్చాను. ఒక ఎన్నికకి కాదు, వచ్చిన ప్రతి ఎన్నికకీ. వాగ్దానం అలాగే ఉంది, అక్షరాలే అరిగిపోయాయి. రైతులు రోడ్లన్నీ ఆక్రమించేశారని కార్లలో కూర్చుని కోప్పడే పెద్దమనుషులకి ఆ సంగతి గుర్తుండదు. నాకుంది.

మా ఇంటావిడ తమ్ముడు పెళ్ళయ్యాక అత్తవారి ఊరు ఘంటసాల చేరి, అక్కడే కౌలుకి చేసుకుంటున్నాడు. ఈ యేడు మినుముల రోజుల్లో నేనూ మా ఇంటావిడా చూసొద్దామని వెళ్తే, మంచినీళ్ళైనా ఇవ్వకుండా కారుకి అడ్డం నిలబడ్డాడు.

"బావా, దిగకు. ఇవాళ ఈ రోడ్డున బస్సులు సరిగ్గా రాలేదు. నువ్వే కాసేపు అటూ ఇటూ తిప్పు."

"ఇది కారురా, ట్రాక్టరు కాదు."

"ట్రాక్టరైతే డీజిలు నేను పొయ్యాలి. నీదైతే నువ్వే పోసుకుంటావుగా!"

ఆ కారు గురించి కొంచెం చెప్పాలి. గుండ్రటి బానెట్టూ, లావుపాటి మడ్‌గార్డులూ, డాక్టర్లూ కలెక్టర్లూ ఎక్కిన కాలపు తెల్ల కారు. నేను పనిచేసిన ప్రెస్సు మూతపడినప్పుడు యజమాని వాకిట్లో ఎండకి ఎండి వానకి తడుస్తున్న దాన్ని తెచ్చుకున్నాను. ఐదో తరగతితో, అక్షరాలు సరిగ్గా రాకుండానే బడి మానేసిన నాకు చదువు చెప్పింది ప్రెస్సులోని సీసపు అక్షరాలే. అద్దంలో చూసినట్టు తిరగబడ్డ అక్షరాల్ని ముందు చదవడం నేర్చి, తిన్నగా ఉన్నవాటిని తర్వాత నేర్చినవాణ్ణి నేను. ఇంగ్లీషు రిపేరు పుస్తకం ఒక పక్కా, నిఘంటువు ఒక పక్కా పెట్టుకుని ఈ కారునీ అలాగే నేర్చుకున్నాను. అందుకని దీన్ని తుక్కు అన్నవాణ్ణి నేను ఊరికే వదలను.

సరే, తిప్పాను. కూలికొచ్చిన ఆడవాళ్ళు పంగలకర్రలతో మొక్కల్ని ఎగదోస్తున్నారు. అందులో ఒకావిడ వంగి గుప్పెడు గింజలు తీసి వాసన చూసి, నా వైపు తిరిగింది.

"ఏవండోయ్, మినుములు నూర్చమంటే గారెలు వేయించడానికి నూనె కూడా మీరే పోసేస్తన్నారేంటండీ?"

అందరూ ఒకటే నవ్వు. మా బావమరిది మాత్రం నవ్వలేదు. కారు కింద చూస్తే నల్లటి చుక్కలు, పరిచిన మొక్కల మీద వరసగా.

ఆ చుక్కలు ఎక్కడివో నాకు తెలుసు. ఇంజను లోపల పెట్రోలు మండినప్పుడు ఆ పొగలో కొంత పిస్టన్ల పక్కనుంచి జారి, కింద నూనె ఉండే ఛాంబర్లోకి దిగుతుంది. మా మెకానిక్కులు దాన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. కొత్త ఇంజనులో కొద్దిగా, పాతదాన్లో ఎక్కువగా ఉంటుంది. దానికి బయటికి దారి ఉండాలి కనక, ఆ కాలంలో కార్లు చేసినవాళ్ళు ఇంజను పక్కనుంచి ఒక ఇనప గొట్టం కిందికి దించి రోడ్డు మీదికి వదిలేశారు. అదే బ్రీదర్ పైపు. కారు పరుగెత్తుతుంటే కింద వీచే గాలి ఆ పొగని లాగేస్తుంది. పొగతోపాటు వచ్చే నూనె ఆవిరి చుక్కలై రోడ్డు మీద పడుతుంది. రోడ్డు అందరిదీ కదా, పడితే అడిగేవాడెవడని వాళ్ళ ధీమా. ఆ రోడ్డు మీదే ఒకడు తన పంట పరుచుకుంటాడని బొమ్మలు గీసిన ఇంజనీర్లకి ఎవరు చెబుతారు!

మేం లోపల అన్నం తింటున్నంతసేపూ బావమరిది బయటే ఉన్నాడు. తిన్నాక మళ్ళీ తిప్పమన్నాడు, తిప్పాను. ఒక్క చుక్క పడలేదు.

"చూశావా బావా, నీ కారుకి సిగ్గొచ్చింది" అన్నాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

సాయంత్రం బందరుకి బయల్దేరాం. చల్లపల్లి దాటేసరికి మా ఇంటావిడ దగ్గడం మొదలెట్టింది. ఆవిడకి ఆయాసం ఉంది, ఎప్పటిదో. ముందు చిన్న దగ్గే. కాసేపటికి గేరు రాడ్డు సందుల్లోంచీ డాష్‌బోర్డు కిందనుంచీ మాడిన నూనె కంపు గుప్పుగుప్పుమని కారులోకి రావడం మొదలైంది. అద్దాలన్నీ దించాను. బండి పక్కకి తీసి బానెట్టు ఎత్తేలోపు ఆవిడ తలుపు తీసుకుని కిందకి దిగి, గట్టు పట్టుకుని వంగిపోయింది. ఊపిరి లోపలికి పోవడం లేదు. ఎదురొచ్చిన ఆటో ఆపి ఎక్కించి బందరు ఆస్పత్రికి తీసుకుపోయాను. కారు అక్కడే రోడ్డు పక్కన నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

ఆస్పత్రిలో మూతికి గొట్టం పెట్టి మందు ఆవిరి పట్టారు. డాక్టరమ్మ అడిగింది, "ఇంట్లో ఏం కాల్చారండీ?"

"ఇంట్లో కాదమ్మా, కారులో."

ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసి, "ఇక ఏ పొగా ఈవిడ దగ్గరికి రాకూడదు. మీరు సిగరెట్టు తాగుతారా?" అంది. కారు తాగుతుందని ఏం చెబుతాను!

మర్నాడు కారు దగ్గరికి వెళ్ళి చూస్తే, ఆయిల్ స్టిక్కు దాని బొక్కలోంచి ఎగిరి బయటపడి ఉంది. ఇంజనంతా నూనెతో తడిసింది. కిందకి దూరి చూస్తే బ్రీదర్ పైపు నోట్లో కొబ్బరి పీచు చుట్టిన కర్ర బిరడా, సుత్తితో కొట్టి బిగించినట్టు కదలకుండా ఉంది. మినుముల మీద చుక్క పడకుండా మా బావమరిది చేసిన మరమ్మత్తు అది. పొగకి కింది దారి మూసుకుపోయి, దొరికిన ప్రతి సందులోంచీ పైకి తన్నింది.

ఆస్పత్రికి తిరిగొచ్చి మా బావమరిదికి ఫోను చేసి వాయించాను. వాడి గొంతు సన్నబడిపోయింది.

"కారుతోంది కదాని నోరు మూశాను బావా. అది ముక్కని నాకేం తెలుసు?"

పక్కన మంచం మీద ఉన్న మా ఇంటావిడ ఫోను లాక్కుంది. "ఒరేయ్, కుక్కరు విజిల్ మీద పొత్రం పెట్టి కూర్చుంటావా నువ్వు? ఆ మాత్రం తెలీదూ? ముప్పొద్దులా అన్నం తింటున్నావుగా!" తిడుతూనే దగ్గు, దగ్గుతూనే తిట్టు. చివరికి వాడే ఏడవబోతే, "ఊరుకో, చచ్చిపోలేదులే" అంది.

బిరడా పీకేశాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆవిడ కాలేదంది.

"ఆ గొట్టం మూసినా తెరిచినా వాసన వాసనేనండీ. నిన్న ఎక్కువైంది, అంతే. ఎండాకాలంలో నేను కొంగు అడ్డం పెట్టుకునే కదా కూర్చునేది."

"చెప్పొచ్చుగా?"

"చెబితే ఆ కారుకి కోపం రాదు గాని మీకు వస్తుంది. వాసన పోతే ఎక్కుతాను. పోకపోతే ఎక్కను. మీరు ఊరికే మొహం అలా పెట్టుకోకండి."

ఆవిడ ఎక్కకపోతే ఏం పోతుందో చెప్పకపోతే మీకు ఇది పాత ఇనప సామాను గోలలా ఉంటుంది.

అవనిగడ్డ దాటి సముద్రం వైపు పోతే దివిసీమలో ఆవిడ పుట్టిన ఊరు. సగంమంది వేటకి పోతారు, సగంమంది చేలో దిగుతారు. ఆ ఊరి చర్చిలో మినుములు ఇళ్ళకి చేరాక ఒక ఆదివారం కోత పండుగ చేస్తారు. ఎవరి పంటలో తొలి భాగం వాళ్ళు నెత్తిన పెట్టుకుని వరసగా లోపలికి వస్తారు. వడ్ల బస్తా, మినుముల మూట, గుమ్మడికాయ, పీతల బుట్ట, కాళ్ళు కట్టిన కోడిపుంజు, ఏది ఉంటే అది. ఆ వరస నడుస్తున్నంతసేపూ ఒకరు పాట ఎత్తుకుని నడిపించాలి. చివరి మనిషి తన మూట దించేదాకా పాట ఆగకూడదు. మూటలన్నీ దిగాక ప్రార్థన, ఆ తర్వాత బయట పందిట్లో వేలం, నవ్వులు.

ఆ పాట ఎత్తేది మా ఇంటావిడ, లంగా ఓణీల నాటి నుంచీ. ఉప్పెన వచ్చిన మరుసటేడు తేవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేక, ఖాళీ గంపలే నెత్తిన పెట్టుకుని వచ్చారు. అప్పటికి మా పెళ్ళయి ఎన్నాళ్ళో కాలేదు, నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. వెనక ఉన్నవాళ్ళు ఏడుస్తున్నారు, మధ్యలో ఉన్నవాళ్ళకి గొంతు పెగలడం లేదు. ఆవిడ ఒక్కతే పాడుతూ ఉంది. చివరి గంప కింద పెట్టేదాకా ఆపలేదు. బందరు వచ్చి స్థిరపడ్డాక కూడా ఏటా ఆ ఆదివారానికి ఆవిడ వెళ్ళి తీరాల్సిందే.

బస్సులో వెళ్ళాలంటే మారాలి, నిలబడాలి, దుమ్ము. ఆయాసం మనిషి దిగేసరికి పాట మాట దేవుడెరుగు, మాట కూడా రాదు. అద్దె కారు ఒకటి మాట్లాడి చూశాం. అతను అద్దాలు బిగించి ఏసీ వేసేసరికి, ముందు వేలాడదీసిన సెంటు సీసా వాసనకి ఆవిడ వీధి చివర దాకా కూడా ఉండలేక దిగిపోయింది.

ఈలోగా ఆ చర్చి పాస్టరు అయ్యగారు ఫోను చేశారు. చిన్నవాడు, మంచివాడు.

"అమ్మగారూ, మీరు అంత దూరం శ్రమపడొద్దండి. మేం లైవు పెడతాం, మీరు ఇంట్లోనే చక్కగా చూసుకోవచ్చు. పాటంటారా, మన యూత్ వాళ్ళు మైకులో పాడేస్తారు."

ఆవిడ "సరే అయ్యగారూ" అని ఫోను పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు వచ్చిన కోపం అయ్యగారి మీద కాదు. ఈ మధ్య ఎవరు చూసినా ఇదే మందు చెబుతున్నారు. పెళ్ళికి రాలేరా, ఫోనులో చూడండి. చావుకి రాలేరా, ఫోనులో చూడండి. పెద్దవాళ్ళని పండగలోంచి తీసేసి, పండగని అరచేతిలో పెట్టి పంపిస్తే సరిపోతుందని ఎవడు చెప్పాడు వీళ్ళకి? ఫోనులో చూసేవాడు పాట వినగలడు. ఎత్తుకోగలడా? అవతల మనిషి నెత్తిన మూట బరువుని బట్టి పాట నెమ్మది చెయ్యగలడా?

ఆ కోపంతోనే అటక మీది రిపేరు పుస్తకం దించాను.

ఈ బ్రీదర్ పైపు రోగానికి మందు ఎప్పుడో కనిపెట్టారు. ఇంజను గాలి పీల్చుకునే దారిని మానిఫోల్డ్ అంటారు. ఇంజను తిరుగుతుంటే, గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటరు దిగువన అక్కడ గట్టి లాగుడు ఉంటుంది. రోడ్డు మీదికి వదిలే పొగని ఒక రబ్బరు గొట్టంతో ఆ లాగుడికి కలిపితే, ఇంజను తన పొగని తనే మళ్ళీ మింగి కాల్చుకుంటుంది. పై మూతలోంచి శుభ్రమైన గాలి లోపలికి దిగుతుంది. లోపల ఒత్తిడి ఉండదు, బయట వాసన ఉండదు. మధ్యలో బొటనవేలంత వాల్వు ఒకటి కావాలి. లాగుడు మరీ ఎక్కువైనప్పుడు అది దారి సన్నం చేస్తుంది, మంట వెనక్కి తన్నితే మూసుకుంటుంది. తర్వాత వచ్చిన పెట్రోలు కార్లన్నిటికీ ఇది పుట్టుకతోనే ఉంది. నా కారుకి లేకపోవడం దాని తప్పు కాదు, ముందు పుట్టడమే తప్పు.

కార్బొరేటరు బండి తెస్తే మొహం తిప్పుకోని మెకానిక్కు ఈ చుట్టుపక్కల ఒక్కడే మిగిలాడు, గుడివాడలో. అద్దాలన్నీ దించుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. అతను నన్ను మావయ్యగారూ అంటాడు, నా కారుని మాత్రం గౌరవించడు.

"మావయ్యగారూ, రింగులు మార్చి బోరు చేయిస్తే బ్యాక్ కంప్రెషన్ తగ్గుద్ది. బండే వదిలించుకుంటే మొత్తం పోద్ది."

"నేను నిన్ను సలహా అడిగానా, డ్రిల్లు అడిగానా?"

"డ్రిల్లే అడిగారు."

"అయితే తియ్యి."

తుక్కు కొట్టుకి వెళ్ళి, గుద్దుకుని చచ్చిన ఒక చిన్న కారు ఇంజను మీదనుంచి వాల్వు పీక్కొచ్చాం. బాగున్న వాల్వు చెవి దగ్గర ఆడిస్తే గలగలమంటుంది. లోపల జిగురు పట్టినది పలకదు. గుట్టలో ఉన్నవన్నీ ఒక్కొక్కటీ ఆడించి చూస్తుంటే కొట్టువాడు, "తాతగారు పెళ్ళికి గజ్జెలు కొంటన్నారు" అన్నాడు. పలికినదాన్ని తీసుకుని నోటితో ఊది చూశాను. ఒక వైపు నుంచి గాలి పోయింది, రెండో వైపు నుంచి పోలేదు. చాలు.

మానిఫోల్డ్ ఊడదీశాకే బెజ్జం వెయ్యాలి, లేకపోతే ఇనప రజను ఇంజనులో పడుతుంది. దాన్ని బల్ల మీద బిగించి బెజ్జం వేసి, అందులో మర చుట్లు కోసి, ఇత్తడి ముక్కు బిగించాం. బ్రీదర్ పైపు తీసేసి ఆ చోటు నుంచి నూనెకి తట్టుకునే గొట్టం వేసి, మధ్యలో వాల్వు పెట్టి, ఇత్తడి ముక్కుకి కలిపాం. స్టార్టు చేస్తే ఇంజను తిక్కగా అరిచింది. కొత్తగా గాలి దూరింది కదా, పెట్రోలు పాలు చాలలేదు. కార్బొరేటరు మర కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే ఎప్పటికో దారికొచ్చి, మెత్తగా తిరగడం మొదలెట్టింది. మెకానిక్కు చెయ్యి తుడుచుకుంటూ, "పర్లేదు మావయ్యగారూ, ఇంకో పదేళ్ళు మమ్మల్ని చంపుద్ది" అన్నాడు. అతను మెచ్చుకునే పద్ధతి అది.

గర్వంగా బందరు దారి పట్టాను. కారులో వాసన లేదు. గుడ్లవల్లేరు దాటాక అద్దంలో వెనక్కి చూస్తే రోడ్డు కనపడలేదు. నీలంగా, చిక్కగా పొగ. నా సైలెన్సరు నుంచే. పెడన దగ్గర టీ కొట్టు ముందు ఆపాల్సొచ్చింది. బల్ల మీద కూర్చున్న ఒకాయన లేచి, గ్లాసు పట్టుకునే నా దగ్గరికొచ్చాడు.

"దోమలకి కొడుతున్నారాండీ? మా వీధి కూడా ఓసారి తిప్పండి. మాకు మిషను వచ్చి ఎన్నాళ్ళో అయింది."

ఆ క్షణాన నాకు నవ్వు రాలేదు. ఇంజను పొగతోపాటు నూనె ఆవిరిని కూడా లాగేసి కాల్చేస్తోంది. మధ్యలో నూనెని ఆపేది ఏదీ పెట్టలేదు. పుస్తకంలో ఆ సంగతి ఉంది కూడా, చిన్న అక్షరాల్లో. జీవితమంతా చిన్న అక్షరాలు పేర్చినవాణ్ణి, వాటి మీద నుంచే దూకేశాను.

పండుగ దగ్గర పడుతోంది. అయ్యగారి యూత్ పాట సాధన చేస్తున్న వీడియో ఒకటి ఆవిడ ఫోనుకి వచ్చింది. చూసి, "పిల్లలు బానే పాడుతున్నారు. కాకపోతే తరుముతున్నారు. నెత్తిన బస్తా ఉన్నవాడు అంత గబగబా ఎట్టా నడుస్తాడు?" అంది. ఫోను బోర్లించి పెట్టేసింది.

ఆవిడ ఆ పూట పప్పు ఉడకపెడుతుంటే నేను వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. మూత తీసి పక్కన పెట్టింది. మూత లోపలంతా నీటిబొట్లు. ఆవిరి ఏదైనా చల్లటి ఇనుముకి తగిలితే ఆగిపోతుంది, బొట్టై కిందకి జారుతుంది. గాలి మాత్రం తన దారిన తను పోతుంది. నూనెకైనా అంతే కదా!

స్టీలు డబ్బా ఒకటి తీసుకున్నాను. కింది పక్కన ఒక గొట్టం లోపలికి, పైన ఒక గొట్టం బయటికి. మధ్యనంతా గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కాను. పొగ ఆ పీచులోంచి మెలికలు తిరుగుతూ పైకి పోవాలి, నూనె పీచుకి అంటుకుని అడుగుకి దిగాలి. అడుగున చిన్న మర పెట్టాను, పోగైన నూనె వంచెయ్యడానికి.

"నా పీచు ఏదండీ?" అని వంటింట్లోంచి కేక.

"ఇంజను తోముకుంటోంది."

"కొత్త పాకెట్టు తెండి. నాకొకటి మిగల్చండి."

మళ్ళీ గుడివాడ వెళ్ళి, డబ్బాని ఇంజను పక్కన పట్టీతో బిగించి, గొట్టాలు దాని గుండా వేశాం. మెకానిక్కు స్టార్టు చేసి నూనె పోసే మూత తీశాడు. ఇదివరకు అక్కడ చెయ్యి పెడితే వేడి పొగ పొంగుకొచ్చేది. క్యాలెండరు చించి ఒక కాగితం ముక్క ఆ నోటి మీద పెట్టాను. అది ఎగరలేదు. నెమ్మదిగా లోపలికి గుంటపడి, అక్కడే అంటుకుపోయింది. ఇంజను లోపలికి పీలుస్తోంది. మేమిద్దరం ఆ కాగితాన్ని చూస్తూ ఉండిపోయాం. బందరు దాకా అద్దంలో రోడ్డు శుభ్రంగా కనపడుతూనే ఉంది.

ఇంటికొచ్చి కాగితం సంగతి చెబితే ఆవిడ ఒప్పుకోలేదు. "కాగితానికి ఆయాసం ఉందా?" అంది.

ఇంజను ఆపొద్దని చెప్పి, మందు పీల్చే గొట్టం చేత్తో పట్టుకుని, వాకిట్లో ఉన్న కారు ముందు సీట్లో కూర్చుని, అద్దాలన్నీ ఎత్తేసి తలుపు వేసుకుంది. నేను బయట నిలబడ్డాను. లోపల కళ్ళు మూసుకుని కూర్చుందా మనిషి. దగ్గుతుందేమోనని చూస్తున్నాను. కొంగు ముక్కు దగ్గరికి పోతుందేమోనని చూస్తున్నాను. పక్కింటావిడ గోడ మీదనుంచి, "ఏంటండీ, అమ్మగారు లోపల ఉంటే మీరు బయట కాపలా?" అంది. చాలాసేపయ్యాక అద్దం కొద్దిగా దిగింది.

"గేటు తియ్యండి" అంది. "ఊరికే నిలబెట్టి కాలిస్తే ఏం తెలుస్తుంది? అలా హార్బరు దాకా పోయొద్దాం."

పోయొచ్చాం. దారి పొడుగునా ఎండుచేపల వాసన గురించి మాట్లాడింది. మరే వాసన గురించీ మాట్లాడలేదు.

పండుగ ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. ఘంటసాలలో మా బావమరిది మినుముల మూటతో రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. మూట వెనక సీట్లో పెట్టి, ఎక్కబోయే ముందు వంగి కారు కింద చూశాడు.

"గొట్టమే లేదు బావా!"

"నీకు భయపడి తీసేశాను."

"నా మీద ఇంకా కోపమా అక్కా?" అని అక్కనడిగాడు.

"మూట వాసన చూశావా ఎక్కించేముందు? దేవుడికి గారెల నూనెతో సహా ఇస్తున్నావేమో చూసుకో" అంది. వాడు నిజంగానే మూట విప్పి వాసన చూశాడు.

పులిగడ్డ దగ్గర పాయ దాటి దివిలోకి దిగేసరికి ఆవిడ సన్నగా గొంతు సవరించుకోవడం మొదలెట్టింది. పాడలేదు, పదాలు లోపల్లోపలే అనుకుంటోంది. నేను వేగం పెంచలేదు.

చర్చి దగ్గర దిగగానే అయ్యగారు ఎదురొచ్చారు. "వందనాలండీ అమ్మగారూ! వచ్చారా! మరి యూత్ వాళ్ళు..." అని ఆగిపోయారు. మైకు పట్టుకున్న అమ్మాయి, కాలేజీ చదువుతున్న పిల్ల, ఆవిణ్ణి చూసి మైకు చేతికివ్వబోయింది. ఆవిడ తీసుకోలేదు.

"నువ్వు పట్టుకో. నా పక్కనే ఉండు. నేను ఊపిరి తీసుకున్నప్పుడు నువ్వు అందుకో. తరమకు."

మొదటి మనిషి వడ్ల బస్తాతో గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ ఎత్తుకుంది. గొంతు మునుపటిది కాదు. పైకి పోవాల్సిన చోట సగంలోనే వంగిపోయింది. నాలుగు మాటలకి ఒకసారి ఆగాల్సొచ్చింది. ఆగినప్పుడల్లా ఆ పిల్ల అందుకుంది, మళ్ళీ ఊపిరి దొరకగానే ఆవిడ లాక్కుంది. డోలక్కు వాయించే కుర్రాడు తన వేగం వదిలేసి ఆవిడ నడకకి వచ్చాడు. బస్తాల వాళ్ళూ, బుట్టల వాళ్ళూ ఆ నడకకే వచ్చారు. పీతల బుట్టలోంచి ఒకటి తప్పించుకుని నేల మీద పారిపోతే పిల్లలు కేకలేశారు, పాట మాత్రం సాగింది. అందరికంటే చివర, గుమ్మడికాయ ఎత్తుకున్న ఒక ముసలావిడ అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. మా ఇంటావిడ చివరి చరణం అయిపోయినా మళ్ళీ మొదటికి పోయి, ఆ కాయ కింద ఆనేదాకా పాడింది. ఆ తర్వాత బల్ల మీద కూలబడి, మందు గొట్టం తీసి పీల్చింది. నేను లేచాను. ఏం లేదన్నట్టు చెయ్యి ఊపింది. మొహం నిండా చెమట, నవ్వు.

వేలంలో మా బావమరిది తన మినుముల్ని తనే పాడుకుని అందరిచేతా తిట్లు తిన్నాడు. కారు దగ్గరికి వచ్చేసరికి నా సీటు తప్ప అన్నీ నిండిపోయి ఉన్నాయి. గుమ్మడికాయ ముసలావిడా, ఇంకో ఇద్దరూ వెనక సర్దుకుని కూర్చున్నారు. వీళ్ళకి బందరు కంటి ఆస్పత్రిలో చూపించుకోవాలట, బస్సెక్కలేక ఎన్నాళ్ళుగానో ఆగిపోయారట. రాత్రికి మా ఇంట్లోనే పడుకుంటారట. బావమరిదిని ఆటోలో పొమ్మందట.

"నన్ను అడగలేదేం?" అన్నాను.

"అడిగితే మీరు కాదంటారా?" అంది మా ఇంటావిడ. "వచ్చే నెల ఆ పిల్లకి పాట నేర్పడానికి వస్తానని కూడా చెప్పాను. పోనివ్వండి, పొద్దుపోతోంది."

నలుగురు ఆడవాళ్ళూ, వేలంలో కొన్న గుమ్మడికాయా, కోడిపుంజూ. వెనక బరువు మోసే కమాను కట్టలు కిర్రుమన్నాయి. ఈ వారంలో అవి విప్పించి చూడాలి. ఆ గుడివాడవాడు మళ్ళీ బండి వదిలించుకోమంటాడు. అననీ.